కంచె వేసే ముందు: ఆఫ్రికా పచ్చిక బయళ్లలో దేనికి ఏది నప్పుతుంది

బోట్స్వానాలో ఒకవాంగో డెల్టాకీ, మక్‌గడిక్‌గాడి గడ్డి మైదానాలకీ మధ్య 1968లో పశువుల రోగాలు పాకకుండా ఒక కంచె వేశారు. 2004లో తీసేశారు. 2007లో కొన్ని జీబ్రాల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చూస్తే, వానలు పడగానే అవి డెల్టా వదిలి తిన్నగా మక్‌గడిక్‌గాడి దారి పట్టాయి. అక్కడ వానాకాలం గడిపి వెనక్కి వచ్చాయి. రానూ పోనూ 500 కిలోమీటర్ల పైమాటే. ఆ దారి 36 ఏళ్లు మూసి ఉంది. అడవిలో జీబ్రా అన్నేళ్లు బతకదు. అంటే పిల్లలకు దారి చూపించడానికి ఆ నడక తెలిసిన ముసలి జీబ్రా ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా వెళ్లాయి.

కంచెలు వద్దనేవాళ్లు ఈ కథే చెబుతారు. కావాలనేవాళ్ల దగ్గర ఇంకో కథ ఉంటుంది: తెల్లారి లేచేసరికి దొడ్డిలో సింహం చంపేసిన ఆవులు, వాటి మీద బతికే ఇల్లు. రెండూ నిజమే. అందుకే "కంచె మంచిదా చెడ్డదా" అని అడిగితే జవాబు దొరకదు. దేన్ని ఆపాలి, ఏ వేళలో ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి అని అడిగితే దొరుకుతుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇక్కడ మాట్లాడేది పొలాల గురించి కాదు, వాన నమ్మకం లేని మేత నేలల గురించి. ఈ ఏడు తూర్పున పడ్డ వాన వచ్చే ఏడు పడమటన పడుతుంది. గడ్డి ఎక్కడుంటే పశువూ అడవి జంతువూ అక్కడికి నడవాలి. వేసవిలో మందలు తోలుకుని నల్లమల వైపో కృష్ణ ఒడ్డుకో వెళ్లే మన గొర్రెల కాపరులకు ఇది చెప్పక్కర్లేదు. ఇలాంటి నేల మీద కంచె వేస్తే జంతువుతో పాటు, వాన పడ్డ చోటికి వెళ్లే వీలు కూడా ఆగిపోతుంది. ఆ దెబ్బ కంచె వేసినవాడి ఆవులకూ తగులుతుంది.

రోగాన్ని ఆపడానికి వేసే పొడవాటి కంచె

అన్నిటికన్నా పెద్దదీ, పాతదీ, ఎక్కువ గొడవ పడిందీ ఇదే. ఆఫ్రికా అడవి దున్నలు గాలికుంటు వైరస్‌ను ఒంట్లో మోస్తూ తిరుగుతాయి, వాటికి ఏమీ కాదు. ఆవులకు అంటితే నోటి పుండ్లు, గిట్టల పుండ్లు, పాలు పోవడం, ఎగుమతి బంద్. బోట్స్వానాకు గొడ్డుమాంసం పెద్ద ఆదాయం. లోమే అనే వాణిజ్య ఒప్పందం కింద యూరప్ ఏటా 18,916 టన్నుల కోటా ఇచ్చింది, మంచి ధరకు. కానీ రోగం లేని ప్రాంతం అని చూపించాలి. అందుకని దేశాన్ని కంచెలతో గదులు గదులుగా విడగొట్టారు.

1958లో వేసిన కూకె కంచె వీటిలో పేరు మోసింది. కలహారి ఎడారిలో కరువొస్తే, గుంపులుగా వలస పోయే పెద్ద జింక జాతి జంతువులైన వైల్డ్‌బీస్ట్‌లు ఉత్తరాన నీటి వైపు నడిచేవి. కంచె అడ్డొచ్చింది. 1983 కరువులో అవి కంచె వెంబడే తూర్పుగా నడిచి జావు సరస్సు దగ్గర గుమికూడాయి. అక్కడ నీరు తగ్గిపోయింది, చుట్టూ మనుషులూ పశువులూ ఉన్నారు, గడ్డి లేదు. 50 వేలకు పైగా చచ్చిపోయాయని అంచనా. తప్పంతా కంచెదే అనను. కరువూ ఉంది, సరస్సు చుట్టూ పెరిగిన పశువులూ ఉన్నాయి. కానీ కరువులో తప్పించుకునే దారి మూసింది మాత్రం కంచే.

ఇదే దేశంలో దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఉంది. ఒకవాంగో డెల్టా దక్షిణాన 1982లో వేసిన దున్నల కంచె, డెల్టాలోకి ఆవులు చొరబడకుండా కాపాడింది. అది లేకపోతే ఇవాళ టూరిస్టులు చూస్తున్న డెల్టా మేత బీడు అయ్యేదని అక్కడ చాలామంది నమ్మకం. నాకూ అందులో నిజముందనే అనిపిస్తుంది.

కంచె ఉంటే చాలు, రోగం రాదు అనుకుంటే పొరపాటు. 1995లో ఆవుల ఊపిరితిత్తుల రోగం నమీబియా వైపు నుంచి బోట్స్వానా వాయవ్యాన ఉన్న ఎన్గామిలాండ్‌లోకి వచ్చింది. దాన్ని తుడిచిపెట్టడానికి సుమారు 3 లక్షల 20 వేల ఆవులను చంపేశారు. ఆ రోగం తెచ్చింది అడవి జంతువు కాదు, పశువులే. అయినా ఆపడానికి వేసిన కొత్త కంచెల దెబ్బ అడవి జంతువులకూ తగిలింది.

ఇప్పుడు దీనికి ఇంకో దారి ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఎముక తీసి, సరిగ్గా మాగబెట్టిన మాంసంలో పుల్లదనం పెరిగి పీహెచ్ 6 కన్నా తగ్గితే కండలోని గాలికుంటు వైరస్ చచ్చిపోతుంది. టీకా, క్వారంటైన్, ఎముక తీయడం, మాగబెట్టడం అన్నీ కలిపితే, ఆవు ఏ ప్రాంతానిదన్న దానికన్నా మాంసం ఎలా తయారైందన్నది ముఖ్యమవుతుంది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2015లో తన నియమాలను ఆ వైపు మార్చింది. అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే కలిసి 2011లో ఒప్పందం చేసుకున్న కాజా సంరక్షణ ప్రాంతానికి ఈ మార్పు ప్రాణం లాంటిది. అయిదు దేశాల మధ్య ఏనుగులూ జీబ్రాలూ తిరగాలంటే కొన్ని కంచెలు తీసేయాలి. కంచె తీసేసినా ఆవుల ఆసామి మాంసం అమ్ముకోగలగాలి.

కొత్తగా ఇలాంటి కంచె వేయాలని ఏ ప్రభుత్వమైనా అనుకుంటే ముందు కబేళా మీద, చల్లటి గిడ్డంగుల మీద, టీకాల మీద ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకోవాలి. పాతది ఉన్న చోట మొత్తం పీకేయమని కూడా చెప్పను. వలస దారికి అడ్డంగా ఉన్న ముక్కలు ముందు తీయాలి. పార్కుకూ ఊరికీ మధ్య ఉన్నవి ఆఖరున చూడొచ్చు.

సొంత నేల చుట్టూ ముళ్ల తీగ

బోట్స్వానా కంచె ప్రభుత్వానిది. కెన్యా దక్షిణాన కంచె ఇంటింటిదీ. పశువుల మీద బతికే మసాయి తెగవాళ్లు తమ ఉమ్మడి మేత నేలలైన గ్రూప్ రాంచ్‌లు పంచుకుని ఎవరి ముక్కకు వాళ్లు పట్టా తీసుకున్నాక, తీగ లాగడం మొదలైంది. దీనికి కారణం అడవి జంతువుల మీద కోపమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. గడ్డి దాచుకోవాలి, పక్కవాడి మంద రాకూడదు. అన్నిటికీ మించి, ఈ నేల నాది అని కనపడాలి. పట్టా ఉన్నా హద్దు రాయి లేకపోతే నిద్ర పట్టని మన రైతుకు ఈ టెన్షన్ వెంటనే అర్థమవుతుంది.

దీని ఫలితం నైరోబి నేషనల్ పార్కు దక్షిణాన చూడొచ్చు. 1946లో పెట్టిన ఈ పార్కు 117 చదరపు కిలోమీటర్లు. మూడు వైపులా కంచె, దక్షిణం మాత్రం తెరిచి ఉంటుంది. వానాకాలంలో వైల్డ్‌బీస్ట్‌లు, జీబ్రాలు అటు అథి-కపుటియెయి మైదానాల్లోకి వెళ్లి ఎండాకాలంలో పార్కుకు తిరిగొచ్చేవి. 1978లో అక్కడ 30 వేలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు ఉండేవి. మూడు దశాబ్దాల్లో అయిదో వంతు కూడా మిగల్లేదు. కంచెలు, ఇళ్లు, క్వారీలు, రోడ్లు అన్నీ కలిసి మింగేశాయి.

లెక్క న్యాయంగా ఉండాలి కాబట్టి ఇంకోటి చెప్పాలి. మసాయి మారా అభయారణ్యం పక్కనున్న లోయిటా మైదానాల వైల్డ్‌బీస్ట్‌లు 1977లో దాదాపు 1 లక్షా 19 వేలు ఉంటే 1997కి 22 వేలకు పడిపోయాయి. అక్కడ దెబ్బ కొట్టింది ప్రధానంగా గోధుమ సాగు. కంచెలు ఎక్కువగా ఆ తర్వాతే వచ్చాయి.

పశువుల ఆసామికి ఈ తీగ లాభమేనా? మొదటి రెండు మూడేళ్లు అవును. గడ్డి మిగులుతుంది. వైల్డ్‌బీస్ట్ ఈనే కాలంలో వాటి దూడల నుంచి ఆవులకు అంటే ఒక జ్వరం ఉంది. సోకిన ఆవు దాదాపు బతకదు. అందుకే మసాయిలు ఆ నెలల్లో మందలను దూరం తోలుకుపోతారు. కంచె ఉంటే ఆ బాధ తగ్గుతుంది. కానీ కరువొచ్చిన ఏడు నీ ముక్కలో వాన పడకపోతే? చుట్టూ అందరూ తీగ లాగేసి ఉంటారు. అప్పుడు పక్కవాడిని బతిమాలాలి, లేదా లారీ మాట్లాడుకోవాలి.

అడవి జంతువులు లేకపోతే ఆవులకు మేలు అన్న నమ్మకం కూడా సగమే నిజం. కెన్యా లైకిపియాలో చేసిన ప్రయోగం ఒకటి 2011లో బయటికొచ్చింది. ఎండాకాలంలో అడవి జంతువులు ఆవుల మేతకు పోటీ వచ్చాయి. వానాకాలంలో మాత్రం అవి ఉన్న చోట మేసిన ఆవులే ఎక్కువ బరువు పెరిగాయి. జీబ్రాలు ముదురు గడ్డి కొరికేస్తే కింద లేత గడ్డి ఆవులకు అందుతుంది.

తీగ తప్పదనుకుంటే చిన్నగా కట్టండి. మసాయిలకు ఒలొపొలొలి అనే పాత పద్ధతి ఉంది: ఆవాసం దగ్గర కొంత గడ్డి నేలను దూడలకూ, నడవలేని పశువులకూ వదిలేసి మిగతా మందను దూరం తోలతారు. అంతవరకు కంచె వేసి, మిగతాది తెరిచి ఉంచితే పని జరుగుతుంది. ముళ్ల తీగ బదులు పైనా కిందా నున్నటి తీగ వాడాలి. గెంతే జంతువులకు పై తీగ, దూరే జంతువులకు కింది తీగ ప్రాణాంతకం. ఇంపాలా, కూడూ, ఈలాండ్ లాంటి జింక జాతులు గెంతగలవు. వైల్డ్‌బీస్ట్, జీబ్రా అంతగా గెంతవు, కంచె వెంబడి నడుస్తూ పోతాయి. అడవి కుక్కలైతే తెలివి మీరాయి, వేటను కంచె మీదికి తరిమి పట్టుకుంటాయి.

కరెంటు కంచె

ముందు ఒక జాగ్రత్త. మన దగ్గర అడవి పందుల కోసం కొందరు లైన్ నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తారు, మనుషులు చచ్చిపోతున్నారు. అది నేరం, కంచె కాదు. ఇక్కడ చెప్పేది ఝట్కా మెషిన్‌తో నడిచేది: వోల్టేజీ వేలల్లో ఉన్నా సెకనుకో క్షణం మాత్రమే కొట్టి వదిలేస్తుంది.

కెన్యాలో అబర్డేర్ కొండల చుట్టూ 1989లో మొదలెట్టి 2009 దాకా దాదాపు 400 కిలోమీటర్ల కరెంటు కంచె వేశారు. అడవి ఒక వైపు, కిక్కిరిసిన వ్యవసాయం ఇంకో వైపు, మధ్యలో గీత స్పష్టం. అలాంటి చోట ఇది బాగా పనిచేస్తుంది. రైతుకు పంట మిగులుతుంది, ఏనుగుకు ప్రాణం మిగులుతుంది. మేత నేలల్లో మాత్రం ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే రెండు వైపులా రెండూ తిరుగుతాయి.

ఏనుగుతో ఇంకో తంటా. దంతానికి కరెంటు పాకదు. అది తెలిసిన మగ ఏనుగు దంతంతో తీగ తెంపుతుంది, లేదంటే చెట్టు పడేస్తుంది, కడీని తోసేస్తుంది. చిత్తూరు జిల్లా కౌండిన్య వైపు రైతులకు ఇది కొత్త కబురేమీ కాదు. గడ్డి పెరిగి తీగకు తగిలితే కరెంటు నేలలోకి పోతుంది. అంటే రోజూ ఒక మనిషి కంచె వెంబడి నడవాలి, కలుపు కొట్టాలి, వోల్టేజీ చూడాలి. వేసేటప్పుడు దాత దొరుకుతాడు. పదేళ్ల తర్వాత ఆ నడిచే మనిషికి జీతం ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. అది ముందు రాసుకోకుండా కరెంటు కంచె వేయొద్దు.

చిన్న ప్రాణుల సంగతి అందరూ మర్చిపోతారు. దక్షిణాఫ్రికాలో అలుగులు (పాంగోలిన్లు) కింది తీగకు తగలగానే భయంతో దాని చుట్టే చుట్టుకుంటాయి. దెబ్బ మీద దెబ్బ తగిలి చచ్చిపోతాయి. తాబేళ్లదీ అదే గతి. నేలకు దగ్గరగా ఉండే తీగకు కరెంటు తీసేస్తే, లేదా దాన్ని పైకి జరిపితే చాలా ప్రాణాలు మిగులుతాయి.

సింహాల విషయంలో కంచె మంచిదా అన్నది శాస్త్రవేత్తల మధ్యే తేలలేదు. 2013లో సింహాల మీద పరిశోధన చేసే క్రెయిగ్ ప్యాకర్ బృందం, కంచె ఉన్న చోట చదరపు కిలోమీటరుకు ఏడాదికి 500 డాలర్లతో సింహాలు ఉండగలిగినంత సంఖ్యలో 80 శాతం ఉంటున్నాయనీ, కంచె లేని చోట సగం నిలపడానికే 2,000 డాలర్లకు పైగా కావాలనీ చెప్పింది. అదే ఏడు మరికొందరు ఒప్పుకోలేదు: కంచె ఉన్నవి ఎక్కువగా చిన్న రిజర్వులు, డాలరుకు ఎన్ని సింహాలు బతికాయని లెక్కేస్తే తెరిచిన పెద్ద నేలలే నయమన్నారు. నేను రెండో పక్షం. 2,000 చదరపు కిలోమీటర్ల చుట్టూ కంచె వేసి, లోపల ఏ జంతువుకు ఎంత మేత ఉండాలో కూడా మనమే లెక్క చూసే స్థితి వస్తే అది పెద్ద జూ అవుతుంది.

కంచె తప్పని చోట సందులు వదలొచ్చు. లైకిపియాలోని ఒల్ పెజెటా అనే సంరక్షణ ప్రాంతంలో వలస సందుల దగ్గర పొట్టి దిమ్మెలు పాతారు. ఏనుగు దాటుతుంది, ఖడ్గమృగం దాటలేదు. కెన్యా పర్వతం దగ్గర 2011లో హైవే కింద ఏనుగులకు సొరంగ దారి తెరిస్తే, అవి వాడుకున్నాయి.

రాత్రి దొడ్డి

నా ఓటు దీనికి. సింహం, హైనా, చిరుత ఎక్కువగా దెబ్బ కొట్టేది రాత్రి. పశువులు రాత్రి ఉండేది ఒక్క చోట. ఆ ఒక్క చోటే గట్టిగా మూస్తే చాలు, మైళ్ల కొద్దీ తీగ అక్కర్లేదు. తూర్పు ఆఫ్రికాలో దీన్ని బోమా అంటారు.

మామూలు బోమా తుమ్మ జాతి ముళ్ల కంపతో కడతారు. ఖర్చు లేదు. కానీ కంప ఎండి పురుగు పట్టి కుంగిపోతుంది, మళ్లీ మళ్లీ చెట్లు కొట్టాలి. ఇంకో చిక్కు: చాలాసార్లు సింహం లోపలికి రాదు. బయట తిరుగుతుంది, ఆవులు ఆ వాసనకు బెదిరి గుంపుగా కంప తోసుకుని బయట పడతాయి. అక్కడ దొరికిపోతాయి. కాబట్టి కంచె బయటి నుంచి వచ్చే బలానికి ఎంత తట్టుకుంటుందో, లోపలి నుంచి వచ్చే తోపుకూ అంత తట్టుకోవాలి.

చైన్‌లింక్ జాలీ ఆ పని చేస్తుంది. కడీలు బలంగా, దగ్గరగా ఉండాలి. జాలీ కింది అంచు నేలలో పూడ్చాలి, లేకపోతే హైనా తవ్వుకుని వస్తుంది. తలుపు దగ్గరే అందరూ పిసినారితనం చేస్తారు. జాలీ గట్టిగా ఉండి తలుపు కంపది అయితే డబ్బు దండగ.

టాంజానియాలోని మసాయి స్టెప్పీలో దీన్ని ఇంకాస్త తెలివిగా చేశారు. మన గుగ్గులు చెట్టు జాతికే చెందిన కొమిఫోరా కొమ్మలను కడీలుగా పాతి, వాటికి జాలీ బిగించారు. కొమ్మలు వేరు పట్టి చెట్లవుతాయి. చెద పట్టదు, ఏటికేడు గట్టిపడుతుంది. ఇలాంటి దొడ్లలో రాత్రి దాడులు 90 శాతానికి పైగా తగ్గాయి. ధర ఎక్కువే, సగం దాతలూ సగం ఆసామీ పెట్టుకుంటేనే నిలుస్తుంది. ఊరికే ఇచ్చిన జాలీ రెండేళ్లలో కోళ్ల గూడు అవుతుంది.

ఒకే చోట ఉండని మందలకు కదిలే దొడ్డి ఉంది. ఒల్ పెజెటాలో ఇనుప చట్రాలను గుండ్రంగా పేర్చి బోమా కడతారు, కొన్నాళ్లకోసారి జరుపుతారు. పేడ పడ్డ చోట, అంతకుముందు బోడిగా ఉన్న నేల మీద కూడా గడ్డి వస్తుంది. మన చేలల్లో గొర్రెల మంద పెట్టించుకుని కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చే పద్ధతే ఇది. వదిలేసిన బోమా చోటు పచ్చికగా మారి దశాబ్దాలు అలాగే ఉంటుంది, ఇంపాలాలూ జీబ్రాలూ అక్కడే చేరతాయి. కెన్యా నరోక్ దగ్గర 1,550 నుంచి 3,700 ఏళ్ల కిందటి దొడ్ల చోట్లలో నేల ఇవాళ్టికీ చుట్టుపక్కల కన్నా సారంగా ఉందని 2018లో తేల్చారు. అడవి జంతువులకు మేలు చేసిన కంచె ఏదైనా ఉందంటే ఇదే.

పగలు మాత్రం ఇది పనికిరాదు. పగలు కాపరి ఉండాలి, అదీ బడి ఎగ్గొట్టిన పిల్లాడు కాకుండా పెద్దవాడు.

తేనెటీగలు, లైట్లు, కాలర్లు

తేనెటీగల కంచె లూసీ కింగ్ కెన్యాలో రూపొందించింది. పది మీటర్లకో తేనెపెట్టె, వాటిని కలుపుతూ తీగ. ఏనుగు తీగకు తగిలితే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. ట్సావో పార్కు పక్కన సగల్లా ఊళ్లో, దగ్గరికొచ్చిన పది ఏనుగుల్లో ఎనిమిది వెనుదిరిగాయి. తేనె అమ్ముకోవచ్చు. ఇది ఎకరం రెండెకరాల మొక్కజొన్నకు సరే, మేత బయలుకు కాదు. కరువులో ఈగలు పెట్టెలు వదిలిపోతాయి.

మినుకు మినుకుమనే లైట్ల ఆలోచన నైరోబి పార్కు పక్కన ఉండే రిచర్డ్ టురెరే అనే పిల్లాడికి పదకొండేళ్లప్పుడు వచ్చింది. చవక. జాలీ కొనేలోపు వాడుకోవడానికి బాగుంది. అదే చాలనుకోకూడదు, సింహం అలవాటు పడొచ్చు.

జీపీఎస్ కాలర్‌తో నడిచే కనపడని కంచె ఆవులను ఒక గీత దాటకుండా ఆపుతుంది. తీగ ఉండదు, జీబ్రాకు అడ్డు ఉండదు. కానీ ప్రతి ఆవుకూ కాలర్ కావాలి, సిగ్నల్ కావాలి, సింహాన్ని ఏమీ చేయలేదు. పెద్ద రాంచ్‌కు చూడొచ్చు. నలభై ఆవుల ఇంటికి కాపరి జీతమే చవక.

కంచె వేయకపోవడానికి డబ్బు

నైరోబి పార్కు దక్షిణాన కిటెంగెలాలో 2000లో ఒక పథకం మొదలైంది: కంచె వేయకుండా, అమ్మకుండా, క్వారీ పెట్టకుండా నేలను తెరిచి ఉంచితే ఎకరానికి ఏడాదికి 300 కెన్యా షిల్లింగులు. చాలా ఇళ్లకు అది పిల్లల ఫీజులకు సరిపోయింది. కానీ నగరం పక్కన నేల ధర ముందు ఆ డబ్బు ఎంత? మారా చుట్టూ కన్జర్వెన్సీలు (ఆసాములు అడవి జంతువుల కోసం తెరిచి ఉంచిన నేలలు) టూరిస్టు క్యాంపుల నుంచి ఇంకా మెరుగైన అద్దె ఇస్తాయి. 2020లో కరోనాతో టూరిస్టులు ఆగిపోగానే ఆ అద్దెకూ కష్టమొచ్చింది. ఒకే ఆదాయం మీద నిలబడిన ఒప్పందం అలాగే ఉంటుంది. సంతకం పెట్టేముందు చెడ్డ ఏడాది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగాలి.

మరి ఏది?

పోతున్నది రాత్రి పూట ఆవులైతే జాలీ దొడ్డి, దానితో పాటు పగటి కాపరి. పంటను ఏనుగులు తింటుంటే, అడవికీ పొలానికీ మధ్య గీత స్పష్టంగా ఉన్న చోట కరెంటు, చిన్న రైతైతే తేనెటీగలు. గాలికుంటు భయమైతే టీకా, మాంసం తయారీ పద్ధతి ముందు, కంచె తర్వాత. పక్కవాడి మంద భయమైతే ఒలొపొలొలి అంత ముక్కకే కంచె, మిగతాదానికి ఊరి పెద్దలతో మేత ఒప్పందం. నేల పోతుందన్న భయమైతే దానికి మందు తీగ కాదు, సర్వే రాళ్లూ పట్టానూ. ఆ పని తీగ చేత చేయించబోతే అందరూ చేయిస్తారు, అందరి ఆవులూ కరువులో ఇరుక్కుంటాయి.

ఉన్న కంచె తీయాలనుకునేవాళ్లకు ఒక మాట. తీగ కత్తిరించి అక్కడే వదిలేయకండి. ఉచ్చులు పన్నేవాళ్లకు అంతకన్నా మంచి సరుకు లేదు. జింబాబ్వేలో దొంగిలించిన కంచె తీగతో ఎన్నో ఉచ్చులు పన్నారు. చుట్టలు చుట్టి, లెక్కపెట్టి, లారీలో వేసుకుని వెళ్లే ఖర్చు కూడా కంచె తీసే బడ్జెట్‌లో రాసుకోండి.